సీ పోయినా డీ మిగలాలి

కంప్యూటర్‌లో కొత్తగా విండోస్ ఎక్కించడమంటే ఒక చెక్కకు మళ్లీ దుక్కి పెట్టడమే. పక్క చెక్కలో నిలిచిన పంట ఉంటుంది. గట్టు ఎక్కడుందో తెలియకుండా నాగలి పట్టినవాడు ఏం పోగొట్టుకుంటాడో, పోకుండా ఏం చూసుకోవాలో ఖమ్మం జిల్లా వేంసూరు వైపు మాటల్లో చెప్పే కథనం ఇది.

"డేటా ఏమన్నా ఉందా అన్నా?"

కంప్యూటర్ రిపేరు కొట్టుకు ఒక్కసారి వెళ్లినా ఈ ప్రశ్న వినే ఉంటారు. అడిగే కుర్రాడు అప్పటికే పెన్‌డ్రైవ్ గుచ్చి, కీబోర్డు మీద చెయ్యి పెట్టి ఉంటాడు. మనం చెప్పే జవాబూ దాదాపు అందరిదీ ఒకటే. "అంతా డీలోనే ఉంది తమ్ముడూ. సీ కొట్టెయ్."

నేనూ అదే అన్నాను. మా పామాయిల్ తోట లెక్కంతా ఒక ఎక్సెల్ ఫైల్లో ఉండేది. ఏ కోతకు ఎన్ని గెలలు దిగాయి, కాటా చీటీలో ఎంత పడింది, కూలి ఎంత, ట్రాక్టరు కిరాయి ఎంత, అన్నీ అందులోనే. తెర మీద దాని బొమ్మ కనిపించేది, రోజూ దాన్నే నొక్కి తెరిచేవాణ్ని. ఫార్మాట్‌కు ముందు ఆ బొమ్మను పట్టి లాగి డీలో వేసి గుండె మీద చెయ్యి వేసుకున్నాను. కొత్త విండోస్ వచ్చాక డీ తెరిస్తే బొమ్మ అక్కడే ఉంది. నొక్కితే తెరుచుకోలేదు. సైజు చూస్తే మూడు కేబీలు కూడా లేదు. మూలన చిన్న బాణం గుర్తు. నేను దాచింది ఫైలును కాదు, దాని షార్ట్‌కట్‌ను. అసలు ఫైలు సీలోని డాక్యుమెంట్స్‌లో ఉండిపోయింది. 'ధాన్యం ఫలానా గదిలో ఉంది' అని రాసిన చీటీని ట్రంకుపెట్టెలో దాచి, గదికి నిప్పు పెట్టుకున్నట్టయింది.

ఇందులో కుర్రాడి తప్పేమీ లేదు. నేను కొట్టమన్న సీనే కొట్టాడు, డీ జోలికి పోలేదు. ఏది ఎక్కడుందో తెలియకుండా ధీమాగా మాట్లాడింది నేను.

ఇప్పుడు ఈ సంగతి ఎత్తడానికి కారణముంది. 2015 జులై 29న వచ్చిన విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం, కంపెనీ ఒప్పుకున్న ప్రాసెసర్ ఉండాలి. పాత మెషీన్లు చాలావరకు ఆ గడప దాటలేవు. దాటగలిగినవి కొత్త విండోస్‌కు, దాటలేనివి లినక్స్‌కు మళ్లుతున్నాయి. ఎటు మళ్లినా ముందు ఆ పెన్‌డ్రైవ్ గుచ్చాల్సిందే, ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిందే.

పహాణీలో ఒక వరుస

హార్డ్‌డిస్క్‌ను ఒక సర్వే నంబరు అనుకుందాం. సీ, డీ అందులోని బై నంబర్లు. ఎవరి చెక్క ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో రాసి ఉంచే చిన్న పట్టిక డిస్క్ మొదట్లో ఉంటుంది. ఇటు తెలంగాణలో పహాణీ, అటు ఆంధ్రలో అడంగల్ ఎలాంటివో కంప్యూటర్‌కి పార్టిషన్ టేబుల్ అలాంటిది.

ఈ ఏర్పాటు పాతదే. 1983 మార్చిలో ఐబీఎం తెచ్చిన పీసీ ఎక్స్‌టీలో 10 ఎంబీ హార్డ్‌డిస్క్ ఉండేది. ఈనాటి ఫోన్ తీసే రెండు మూడు ఫొటోలకే అది నిండిపోతుంది. దాంతోపాటు వచ్చిన డాస్ 2.0తో పీసీ డిస్క్‌లకు పార్టిషన్లు మొదలయ్యాయి. డిస్క్‌లో మొట్టమొదటి 512 బైట్ల గడిలో 64 బైట్లు ఈ పట్టికవి. ఒక్కో వరుసకు 16 బైట్ల చొప్పున నాలుగే వరుసలు. ఏ, బీ అక్షరాలు అప్పటికే ఫ్లాపీలకు పోయాయి కాబట్టి హార్డ్‌డిస్క్‌కు సీ దక్కింది. ఫ్లాపీలు మ్యూజియం చేరినా ఆ వరుస మాత్రం మారలేదు.

ఎంబీఆర్ అనే ఈ పాత పద్ధతి మామూలు డిస్క్‌లలో 2 టీబీ దాటి లెక్కపెట్టలేదు. దాని తర్వాత వచ్చిన జీపీటీ పద్ధతిలో విండోస్ 128 వరుసలు రాయగలదు. పైగా అదే పట్టిక నకలు ఒకటి డిస్క్ చివరన కూడా ఉంటుంది. ఆఫీసులో ఒక కాపీ చెదలు తిన్నా ఇంకో కాపీ బతికి ఉంటుందన్న మాట.

ఇక్కడ గ్రహించాల్సింది ఒక్కటే. పార్టిషన్ డిలీట్ చేశామంటే పహాణీలో ఆ వరుస కొట్టేశామని అర్థం. మట్టి కదలలేదు, పైరు అలాగే ఉంది. క్విక్ ఫార్మాట్ చేస్తే ఆ చెక్క 'ఖాళీ భూమి' అని కొత్తగా రాసినట్టు. పాత హార్డ్‌డిస్క్‌లో లోపలి ఫైళ్లు అప్పటికీ అలాగే పడి ఉంటాయి. ఆ రాతను నమ్మి కొత్త ఫైళ్లు వచ్చి వాటి మీద విత్తు వేసినప్పుడే పాత పంట పోతుంది. ఫుల్ ఫార్మాట్ కథ వేరు. విస్టా వెర్షన్ నుంచి విండోస్ ఆ చెక్కంతా సున్నాలతో నింపేస్తుంది. మళ్లీ ఏరుకోవడానికి పరిగ కూడా మిగలదు.

పేరు మారినా ఊరు మారలేదు

గీతలు మారడం వేంసూరు ప్రాంతానికి కొత్త కాదు. 1953లో వరంగల్ నుంచి విడదీస్తే ఖమ్మం జిల్లా అయింది. 1959లో తూర్పు గోదావరి నుంచి భద్రాచలం వచ్చి చేరింది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు మండలాలు ఆంధ్రకు వెళ్లాయి. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయింది. జలగం వెంగళరావు 1962, 1967, 1972 ఎన్నికల్లో గెలిచింది వేంసూరు నియోజకవర్గం నుంచే. 1973 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యేనాటికి ఆయనది వేంసూరు సీటే. 1978 ఎన్నికలకు ఆయన సత్తుపల్లి నుంచి నిలిచారు. జాబితాలో వేంసూరు పేరు పోయింది, ఊరు మాత్రం ఎక్కడికీ పోలేదు.

కొత్త విండోస్ ఎక్కాక 'మా డీ డ్రైవ్ కనిపించడం లేదు' అని కంగారుపడేవాళ్లు ఈ ముక్క గుర్తుంచుకుంటే చాలు. డీ అనే అక్షరం ఆ చెక్కలో రాసి ఉండదు. అది పాత విండోస్ తన రిజిస్ట్రీలో, అంటే సీలో, రాసుకున్న పేరు. సీ పోతే ఆ పేరూ పోతుంది. కొత్త విండోస్ తనకు తోచిన అక్షరం పెడుతుంది. నిన్నటి డీ ఇవాళ 'ఈ' డ్రైవ్‌గా కనిపించవచ్చు. ఒక్కోసారి ఏ అక్షరమూ లేకుండా దాక్కునీ ఉండవచ్చు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి అక్షరం ఇస్తే బయటికి వస్తుంది. అక్కడ 'ఫార్మాట్ చేయమంటారా' అని అడిగితే మాత్రం వద్దని చెప్పి, ముందు ఆ చెక్క ఎవరిదో విచారించాలి.

ఇంతకంటే పెద్ద ఎత్తున ఇదే పని తెలంగాణ భూమి రికార్డుల్లో జరిగింది. 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ వచ్చింది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూ భారతి వచ్చింది. మొదట ప్రయోగాత్మకంగా ఎంచుకున్న నాలుగు మండలాల్లో మన ఖమ్మం జిల్లా నేలకొండపల్లి ఒకటి. పోర్టల్ మారిందని విన్న రైతుకు తెర రంగులతో పనేముంది? 'నా సర్వే నంబరు అందులో ఉందా' అన్నదే అతని ప్రశ్న. కంప్యూటర్ కొట్టు దగ్గర మనం అడగాల్సిందీ సరిగ్గా అదే.

గండం ఒకే తెర మీద

ఓఎస్ ఎక్కించే పనిలో ముప్పావు గంట గడిచినా డేటాకు నిజమైన గండం అర నిమిషమే. 'ఎక్కడ ఇన్‌స్టాల్ చేయాలి' అని అడిగే తెర అది. అక్కడ సీ, డీ అని ఉండదు. డ్రైవ్ 0 పార్టిషన్ 1, పార్టిషన్ 2 అంటూ వరుసగా ఉంటుంది. 100 ఎంబీది ఒకటి, 16 ఎంబీది ఒకటి, రికవరీ అని ఇంకొకటి, వాటి మధ్య మన సీ, డీ. పోల్చుకోవడానికి సైజే దిక్కు. అదీ పెట్టె మీద రాసినట్టు ఉండదు. 500 జీబీ అని కొన్న డిస్క్ విండోస్ లెక్కలో 465 జీబీ చిల్లరగా కనబడుతుంది. సీ, డీ రెండూ సమానంగా చేసి ఉంటే ఇక కళ్లకు గంతలు కట్టినట్టే.

అందుకే పని మొదలవకముందే డీకి ఒక పేరు పెట్టాలి. డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి రీనేమ్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో ఇంటిపేరో, కొట్టు పేరో రాస్తే చాలు. అక్షరంలా కాదు, ఈ పేరు ఆ చెక్కలోనే చెక్కిన హద్దురాయి. చాలా ఇన్‌స్టాలర్లు దాన్ని చూపిస్తాయి. అప్పుడే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరను ఫోన్లో ఫొటో తీసుకోవాలి. డెస్క్‌టాప్ కంప్యూటర్లో రెండో హార్డ్‌డిస్క్ ఉంటే దాని కేబుల్ పీకేసి పని మొదలుపెట్టడం అన్నింటికంటే మేలు. తగిలించని డిస్క్‌ను ఎంత తొందరపాటు మనిషైనా చెరపలేడు.

పాత సీనే ఎంచుకుని, దాన్ని మాత్రమే ఫార్మాట్ చేసి ముందుకు పోతే డీకి ఏమీ కాదు. ఫార్మాట్ కూడా చేయకుండా అదే చెక్కలో ఎక్కిస్తే పాత ఫైళ్లన్నీ 'విండోస్ డాట్ ఓల్డ్' అనే ఫోల్డరులోకి చేరతాయి. నా ఎక్సెల్ ఫైలు బతికి ఉండాల్సిన చోటు అదే. ఆ ఫోల్డరు కలకాలం ఉండదు, విండోస్ కొన్నాళ్లకు తనే ఊడ్చేస్తుంది. కావలసినవి వెంటనే తీసుకోవాలి. విండోస్ ఇంకా తెరుచుకుంటూనే ఉంటే పెన్‌డ్రైవ్ అక్కర్లేకుండా సెట్టింగుల్లో 'రీసెట్' ఉంది. అందులో 'కీప్ మై ఫైల్స్' ఎంచుకుంటే ప్రోగ్రాములు పోయి సొంత ఫైళ్లు మిగులుతాయి.

అసలు డీలు గుంపుగా పోయేది ఇంకోచోట. పాత ఎంబీఆర్ డిస్క్ ఉన్న మెషీన్‌ను కొత్త యూఈఎఫ్‌ఐ పద్ధతిలో బూట్ చేస్తే, 'ఈ డిస్క్ మీద విండోస్ ఎక్కించడం కుదరదు' అని హెచ్చరిక వస్తుంది. తొందరలో ఉన్నవాళ్లు పార్టిషన్లన్నీ డిలీట్ చేసేస్తారు, లేదా డిస్క్‌పార్ట్ తెరిచి 'క్లీన్' అని కొడతారు. పేరు వింటే ఇల్లు ఊడ్చినట్టే ఉంటుంది కానీ చేసే పని మొత్తం పహాణీ చింపేయడం. దానికి ముందు రెండు దారులున్నాయి. మెషీన్‌ను పాత లెగసీ పద్ధతిలో బూట్ చేసి, పడే విండోస్‌నో లినక్స్‌నో ఎక్కించడం ఒకటి. మైక్రోసాఫ్ట్ 2017లో విండోస్ 10తోపాటే ఇచ్చిన 'ఎంబీఆర్ టు జీపీటీ' పనిముట్టుతో ఫైళ్లు చెరగకుండా పట్టిక పద్ధతి మార్చుకోవడం రెండోది. మూడు ప్రైమరీ పార్టిషన్ల వరకే అది పని చేస్తుంది. డీ, ఈ, ఎఫ్ అంటూ లాజికల్ పార్టిషన్లుగా కోసిన పాత డిస్క్‌ల మీద పని చేయదు. అలాంటప్పుడు వేరే డిస్క్‌కు కాపీ చేసుకోవడం తప్ప దారి లేదు.

డీ బతికింది, పెళ్లి పత్రిక చదవరాలేదు

'అంతా డీలోనే' అనేవాళ్ల సీలో ఏముంటుందో చూద్దాం. డెస్క్‌టాప్ మీద పెట్టినవి మామూలుగా సీలోనే ఉంటాయి. డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ మనం ప్రత్యేకంగా మార్చుకోకపోతే అవీ సీలోవే. కంప్యూటర్లో వాట్సాప్ నుంచి దింపిన పాస్‌బుక్ ఫొటో పడేది డౌన్‌లోడ్స్‌లోనే. ఎరువుల కొట్టువాళ్ల టాలీ డేటా, ఎవరూ దారి మార్చకపోతే, సీలోనే ఏదో ఒక అంకె పేరున్న ఫోల్డరులో ఉంటుంది. పేరులో అక్షరం లేకపోవడంతో అదేదో పనికిరానిదనుకుని వదిలేస్తారు. బ్రౌజరులో దాచుకున్న పాస్‌వర్డులు, ప్రింటరు సెట్టింగులు, అన్నీ సీతోపాటే మాయం.

డీటీపీ కొట్ల బాధ మరీ చిత్రమైనది. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చాలాచోట్ల ఇప్పటికీ పేజ్‌మేకర్ కాలం ఫైళ్లే, అను ఫాంట్లే. ఏళ్ల పని డీలో చెక్కుచెదరకుండా ఉంటుంది. కొత్త విండోస్‌లో ఆ ఫైలు తెరిస్తే 'శుభలేఖ' ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, చుక్కలు, కామాలు గజిబిజిగా కనిపిస్తాయి. ఎందుకంటే యూనికోడ్‌కు ముందునాటి ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం నిజానికి ఇంగ్లిష్ అక్షరాల గూళ్లలో కూర్చుని ఉంటుంది. ఫాంటు ఉంటేనే అది తెలుగు. ఆ ఫాంట్లు ఉండేది సీలోని విండోస్ ఫోల్డరులో. పంట కోసి ఇంటికి తెచ్చుకున్నాక కొలిచే కుంచం పారేసుకున్నట్టు! అందుకే ఫాంట్ల ఫోల్డరు, కీబోర్డు సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలరు, దాని కీ మొదట డీకి చేరాలి, ఆ తర్వాతే మిగతావి. 1991లోనే మొదటి యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు సొంత గూళ్లు దక్కాయి. యూనికోడ్‌లో టైపు చేసిన ముక్కకు ఈ బెడద ఉండదు. ఫాంటు మారితే అక్షరాల వంపు మారుతుందేమో గానీ మాట మారదు.

తాళంచెవి ఏ ఇంట్లో ఉంది?

డీ ఉంది, పేరూ ఉంది, కానీ మీద తాళం బొమ్మ. ఇది కొత్త ల్యాప్‌టాప్‌ల కథ. బిట్‌లాకర్ పెట్టిన డ్రైవ్ పాత విండోస్‌లో ఇన్నాళ్లూ తనంతట తాను తెరుచుకుని ఉండవచ్చు, చెవి సీలో దాచి ఉండేది గనుక. సీ పోయాక 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. విండోస్ 11లో 2024 అప్‌డేట్ నుంచి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో కొత్తగా ఎక్కించిన చాలా మెషీన్లలో ఈ తాళం మనల్ని అడగకుండానే పడుతోంది. కీ మామూలుగా అదే ఖాతాలో భద్రమై ఉంటుంది. ఆ ఖాతా ఎవరి పేరిట ఉందన్నదే చిక్కు. కొన్నరోజు కొట్టువాడు తన మెయిల్‌తోనో, ఇంట్లో పిల్లలు తమ మెయిల్‌తోనో తెరిచి ఉంటే చెవి వాళ్ల దగ్గరే ఉన్నట్టు. ఫార్మాట్‌కు ముందే ఆ 48 అంకెలు కాగితం మీద రాసుకోవాలి. ఆ కీ లేకుండా తాళం తీసిపెడతామనేవాళ్లను నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు.

ఫోల్డరు తెరవబోతే 'మీకు అనుమతి లేదు' అనడం మాత్రం ఇంతటి గండం కాదు. ఆ ఫోల్డరు పాత విండోస్‌లోని మీ పేరిట పట్టా అయి ఉంది. కొత్త విండోస్ దృష్టిలో మీరు వేరే మనిషి, పేరు అదే పెట్టుకున్నా సరే. సెక్యూరిటీలోకి వెళ్లి ఓనరును మారిస్తే చాలు, ఇదొక మ్యుటేషన్ అంతే.

దున్నేశాక తెలిస్తే

పొరపాటున డీ పోయిందని తెలిసిన క్షణాన చేయాల్సిన మొదటి పని ఏమీ చేయకపోవడం. ఇంటర్నెట్ పెట్టొద్దు, సాఫ్ట్‌వేర్లు దించొద్దు, వెతుకుతూ కూర్చోవద్దు. ఒక్కో నిమిషం ఒక్కో చాలు విత్తనం. మెషీన్ ఆపి, డిస్క్ విప్పి, వేరే కంప్యూటర్‌కి తగిలించాలి. ఫ్రాన్స్‌కు చెందిన క్రిస్టోఫ్ గ్రెనియే రాసిన టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రాము చెరిగిపోయిన గట్ల ఆనవాళ్లు పట్టుకుని పట్టికలో వరుసను తిరిగి రాయగలదు. అదీ కుదరకపోతే ఆయనదే ఫొటోరెక్ ఒక్కో ఫైలునూ ఏరుతుంది, కాకపోతే పాత పేర్లు దక్కవు.

ఇదంతా తిరిగే పళ్లేల హార్డ్‌డిస్క్ సంగతి. ఎస్‌ఎస్‌డీలో ఇంత వెసులుబాటు లేదు. ఫార్మాట్ చేయగానే 'ఈ గడులు ఇక అక్కర్లేదు' అని విండోస్ డిస్క్‌కు కబురు పెడుతుంది. ట్రిమ్ అంటారు దాన్ని. డిస్క్ తన తీరికలో వాటిని నిజంగానే ఖాళీ చేసేస్తుంది. వేగం పెరిగింది, మన్నింపు తగ్గింది.

గదులు కట్టిన ఇల్లు

లినక్స్‌కు వెళ్లేవాళ్లకూ ఇదే తెర వస్తుంది. ఉబుంటులో 'ఎరేజ్ డిస్క్' అన్న దారి డిస్క్ మొత్తాన్నీ మింగేస్తుంది. డీ మిగలాలంటే చేత్తో పార్టిషన్లు ఎంచుకునే దారి పట్టాలి. లినక్స్‌లో మెచ్చుకోదగ్గ అలవాటు ఒకటుంది. వ్యవస్థకు ఒక చెక్క, మన ఫైళ్లకు, సెట్టింగులకు 'హోమ్' అనే వేరే చెక్క పెట్టుకోవచ్చు. మళ్లీ ఎక్కించినప్పుడు హోమ్ ఎదుట ఫార్మాట్ టిక్కు లేకుండా చూసుకుని, పాత యూజరు పేరే ఇస్తే తెర మీద బొమ్మతో సహా మన ఇల్లు మనకు దొరుకుతుంది. హైదరాబాద్‌లోని 'స్వేచ్ఛ' అనే సాఫ్ట్‌వేర్ ఉద్యమం తెలుగులో ఓఎస్ తెచ్చింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్‌లోనూ తెలుగు ఉంది. విండోస్ 11 గడప దాటలేని మెషీన్‌ను పాత ఇనుప సామాన్లవాడికి ఇచ్చే ముందు ఒకసారి ఇటు చూడవచ్చు.

'కొట్టెయ్' అనే ముందు

• డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, టాలీ ఫోల్డరు, ఫాంట్లు: ఈ ఐదూ సీ నుంచి బయటికి.
• కాపీ చేశాక సైజు చూడండి. బొమ్మ మీద బాణం ఉంటే అది ఫైలు కాదు.
• కాపీ అయిన చోటనే నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి.
• డీకి పేరు పెట్టి, డిస్క్ తెర ఫొటో తీసుకోండి.
• బిట్‌లాకర్ కీ కాగితం మీద ఉందా?
• ల్యాప్‌టాప్ కంపెనీ రికవరీ వాడితే డిస్క్ మొత్తం కొన్నరోజు స్థితికి పోవచ్చు. డీ మీద ఆశ పెట్టుకోకండి.
• ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పక్కనే నిలబడండి. ఆ అర నిమిషం టీకి వెళ్లకండి.

తీగకు గుచ్చిన చీటీలు

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నాక కూడా ఒక మాట మిగిలే ఉంది. డీ అనేది బ్యాకప్ కాదు. సీ, డీ ఒకే సర్వే నంబరులో రెండు చెక్కలు. గట్టు నాగలిని ఆపుతుంది గానీ వరదను ఆపలేదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఏ గట్టు ఎవరిదని అడగలేదు. డిస్క్ కాలిపోయినా, ల్యాప్‌టాప్ బస్సులో పోయినా, వైరస్ వచ్చి ఫైళ్లన్నిటికీ తాళం వేసినా సీ, డీ జంటగానే పోతాయి. ముంపు ఊళ్లవాళ్లు విత్తనపు వడ్లు మెరక మీద చుట్టాలింట్లో ఉంచినట్టు ఒక కాపీ ఈ డబ్బా బయట ఉండాలి. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కావచ్చు, ఇంటర్నెట్‌లో దాచుకునే చోటు కావచ్చు.

నా లెక్క సంగతి చెప్పలేదు కదా. నెల రోజుల తర్వాత మళ్లీ రాసుకున్నాను. మా ఇంట్లో వసారా దూలానికి ఒక ఇనుప తీగ వేలాడుతూ ఉంటుంది. కాటా నుంచి వచ్చిన ప్రతి చీటీని అమ్మ దానికి గుచ్చుతూ వచ్చింది. 'కంప్యూటర్లో ఉంది కదమ్మా, ఇంకా ఈ కాగితాలెందుకు?' అని నేనే ఎన్నోసార్లు విసుక్కున్నాను. అడుగున ఉన్న నాలుగైదు చీటీలకు తుప్పు పట్టి అంకెలు పోయాయి. మిగతావన్నీ దుమ్ము దులిపితే చదవడానికి వచ్చాయి. నేను ఒక్కొక్కటే తీసి టైపు చేస్తుంటే, అయిపోయిన చీటీని అమ్మ అందుకుని మళ్లీ తీగకే గుచ్చింది.